ఇంటెలా ఏఎండినా అని అడిగే మా రాయగడ కస్టమర్లకి

అందరికీ నమస్తే. ఇంటెల్, ఏఎండి అంటే కంప్యూటర్‌కి బుర్రలాంటి ప్రాసెసర్ చిప్ తయారుచేసే రెండు కంపెనీలు. ముందు పోయిన నెల నేను చేసిన పొరపాటు చెప్పేస్తాను, ఎలాగూ బజారంతా తెలిసిపోయింది. గుణుపూర్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు పాత మెషిన్ తెచ్చాడు, 2018లో వాళ్ళ నాన్నగారు మా దగ్గరే కొన్నారు, బి450 అనే బోర్డు, దాని మీద ఏఎండి వాళ్ళ రైజెన్ 3 2200జీ చిప్. స్లో అయిపోయింది బాబాయ్ అన్నాడు. బోర్డు మార్చకుండా రైజెన్ 5 5600 వేసేద్దాం, బయాస్, అంటే మెషిన్ ఆన్ అవ్వగానే బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేస్తే చాలు అన్నాను. అది పాత ప్రాసెసర్ ఉండగానే చెయ్యాలి, మధ్యలో కరెంటు పోతే బోర్డు గోవిందా, అందుకని యూపీఎస్ మీద పెట్టి మరీ చేశాను. తీరా చిప్ మార్చి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నల్లగా ఉంది. ర్యామ్ తీసి పెట్టా, కేబుల్ మార్చా, గంట పోయాక నా బుర్రలో వెలిగింది, 2200జీలో గ్రాఫిక్స్, అంటే స్క్రీన్‌కి బొమ్మ పంపే భాగం, లోపలే ఉంటాయి, 5600లో ఉండవు, తెప్పించాల్సింది 5600జీ. ఒక్క అక్షరమండి! నా ఖర్చుతోనే మార్చి ఇచ్చాను.

ఇంటెల్‌లో ఇది ఉల్టా, చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు. ఆన్‌లైన్‌లో తక్కువకి దొరికిందని ఇంటెల్ ఐ3 12100ఎఫ్ పట్టుకొచ్చేవాళ్ళు ఆ ఎఫ్ చూడరు.

ఇంకో మాట. ఏఎండి వేడెక్కిపోతుంది వద్దు అని మీలో చాలామందికి చెప్పింది నేనే. 2011లో బుల్‌డోజర్ చిప్‌లు వచ్చినప్పుడు ఆ మాట నిజమే, కానీ 2017లో రైజెన్ వచ్చాక కూడా అదే పాట పాడాను, ఎందుకంటే షెల్ఫ్ నిండా ఇంటెల్ స్టాక్ ఉండేది. అంతవరకు ఏళ్ళ తరబడి ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ఐ7 అంటే నాలుగు కోర్లే (కోర్ అంటే చిప్ లోపల పనిచేసే ఒక్కో బుర్ర), రైజెన్ ఎనిమిది కోర్లతో దిగిందో లేదో అదే ఏడాది అక్టోబర్లో ఆరు కోర్ల ఐ7 వచ్చేసింది, అంతకుముందు కుదరనిది అప్పుడెలా కుదిరిందో మరి.

ఇప్పుడేమో కుర్రాళ్ళు ఇంటెల్ పేరెత్తితే పారిపోతున్నారు, 2024లో ఇంటెల్ 13, 14 జనరేషన్ చిప్‌ల గొడవ విని. వోల్టేజ్ ఎక్కువ లాగి చిప్ మెల్లగా పాడవడం నిజమే, కంపెనీ వారంటీ రెండేళ్ళు పెంచింది కూడా, కానీ అది పెద్ద చిప్‌ల సమస్య, మీ జిరాక్స్ షాపులో ఐ3కి దాంతో పనిలేదు.

అన్నట్టు పార్వతీపురం నుంచి వచ్చిన మాస్టారు తన ఇంటెల్ మెషిన్‌లో డ్రైవర్ ఫైల్ పేరులో ఏఎండి64 అని చూసి, చిప్ మార్చేశావేటి అని నిలదీశారు. మార్చలేదండి, ఇప్పుడు మన పీసీల్లో ఉన్న 64 బిట్ పద్ధతి 2003లో ముందు తెచ్చింది ఏఎండి, తర్వాత ఇంటెల్ కూడా అదే తీసుకుంది, ఆ పేరు అలా ఉండిపోయింది.

ఇకనుంచి బిల్లు మీద సాకెట్ (బోర్డు మీద చిప్ కూర్చునే చోటు) పేరు, గ్రాఫిక్స్ ఉందో లేదో రాసిస్తాను. ఇంటెల్ 6, 7 జనరేషన్ చిప్‌లకి ఎల్‌జీఏ1151 సాకెట్ ఉన్న బోర్డులు మూడు మిగిలాయి, 8, 9 జనరేషన్ చిప్ అందులో కూర్చుంటుంది గానీ నడవదు, తెలిసి కావాలన్నవాళ్ళకే ఇస్తాను, రేటు షాపుకొచ్చి మాట్లాడుకుందాం.