గమ్ముతో అంటించిన అతుకులన్నీ విప్పి మళ్ళీ కుడతాను, ప్యాంట్లు తీసుకురండి

నల్లగొండ ప్రకాశం బజార్‌లో మన షాపుకు వచ్చే అన్నలకు, అక్కలకు నమస్తే. సంక్రాంతి దాటినప్పటి నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా నా దగ్గర ప్యాంటు తొడల లోపల, ఆసనం (రెండు కాళ్ళు కలిసే చోటు) దగ్గర అతుకు వేయించుకున్న వాళ్ళు దయచేసి ఆ ప్యాంట్లు మళ్ళీ తీసుకురండి. పాత అతుకు తీసేసి, పైసా తీసుకోకుండా కొత్తగా కుట్టి ఇస్తాను. ఆ మూడున్నర నెలలు నేను చేసిన పని సరైంది కాదు.

పెళ్ళిళ్ళ సీజన్‌లో కొత్త బట్టలే మోయలేనంతగా వచ్చాయి. రిపేర్లు తొందరగా అయిపోతాయని పట్నం నుంచి గమ్ము షీటు తెప్పించాను. చిరిగిన చోట లోపలి నుంచి బట్టముక్క పెట్టి, మధ్యలో ఈ షీటు ఉంచి ఇస్త్రీ చేస్తే అతుక్కుపోతుంది. పైన చుట్టూ ఒక కుట్టు వేస్తే అయిపోయినట్టే. గంట పట్టే పని పది నిమిషాల్లో అయ్యేది. పొద్దున ఇచ్చిన ప్యాంటు సాయంత్రానికి ఇచ్చేస్తుంటే మీరూ సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను.

రోజూ నకిరేకల్ అవతలి బడికి బండి మీద వెళ్ళివచ్చే సారు ఒకరు మన దగ్గర ఎన్నో ఏళ్ళుగా కుట్టించుకుంటున్నారు. నేను అతుకు వేసిన మూడు వారాలకు ఆయన ప్యాంటు మళ్ళీ చిరిగింది. సారు కోపం చేయలేదు. ప్యాంటు టేబుల్ మీద పెట్టి, "క్లాసులో చాక్‌పీసు కింద పడితే వంగాను" అని ఆ ఒక్క మాట అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి షాపు మూసాక ప్యాంటు తిరగేసి లైటు కింద చూశాను. అతుకు చెక్కుచెదరలేదు. దాని అంచు వెంబడి, స్కేలు పెట్టి కోసినట్టు బట్ట చిరిగిపోయింది. గమ్ము పట్టిన చోట బట్ట అట్టలాగ బిరుసెక్కింది. చుట్టూ ఉన్న బట్ట అప్పటికే అరిగి పలచబడి ఉంది. నడిచినా కూర్చున్నా బిరుసు ముక్క వంగదు, వంగేదంతా దాని అంచు దగ్గరే వంగుతుంది. పైగా ముక్కను నలుచదరంగా కోశాను కాబట్టి లాగుడంతా మూలల మీద పడింది. అంచు వెంబడి వేసిన కుట్టు సూది రంధ్రాలు కూడా ఒకే వరుసలో ఉన్నాయి. పోస్టల్ స్టాంపు చింపడానికి ఎలా వీలుంటుందో అలా తయారైంది.

ఇప్పుడు ఎలా చేస్తున్నానో చెబుతాను. ముందు తొడ లోపలి కుట్టు ఒక జానెడు విప్పుతాను. అది విప్పకపోతే కాలు గొట్టంలాగ ఉండి, మిషన్ కింద బట్ట సాపుగా పరుచుకోదు, ముడతలు పడతాయి. తర్వాత పలచబడిన మేరకు సుద్దతో గుర్తు పెట్టి, దానికి చుట్టూ ఒక అంగుళం ఎక్కువ వచ్చేలా ముక్క కోస్తాను. మూలలు గుండ్రంగా తిప్పుతాను. అతుకు బట్ట ప్యాంటు కన్నా మందంగా ఉండకూడదు. అతుకు పడుగు (నిలువు పోగులు) ప్యాంటు పడుగు మీద, పేక (అడ్డం పోగులు) పేక మీద పడాలి. ఒకటి నిలువు, ఒకటి ఏటవాలు అయితే రెండు ఉతుకులకే ముడుచుకుపోతుంది. చేత్తో కచ్చా కుట్టు వేసి నిలబెట్టాక, అదే రంగు దారంతో ముందుకూ వెనక్కూ దగ్గర దగ్గర వరుసలు కుడతాను. ఒక వరుస పొడవు, ఇంకొకటి పొట్టి, ఎక్కడా చివరలన్నీ ఒక గీతలో ఆగవు. అలా ఆగకపోతేనే లాగుడు చుట్టూ ఉన్న మంచి బట్టలోకి సర్దుకుంటుంది. సాగే జీన్స్ అయితే జిగ్‌జాగ్ కుట్టే వేస్తాను. ఆ బట్టకు మామూలు కుట్టు వేస్తే, బట్ట సాగినప్పుడు దారం పటుక్కున తెగుతుంది.

జీన్స్ వేసుకునే తమ్ముళ్ళకు ఒక మాట. మోకాలి దగ్గర, తొడ దగ్గర నీలం పోయి తెల్ల పోగులు బయటపడితే వాటిని కత్తెరతోనో గోళ్ళు తీసేదానితోనో కత్తిరించకండి. మామూలు జీన్స్‌లో పడుగు నీలం, పేక తెలుపు. పైకి ఎక్కువగా కనిపించేది పడుగే కాబట్టి ముందు నీలం పోగులు అరిగి తెగుతాయి, తెల్లవి మిగులుతాయి. ఆ మిగిలిన పోగుల మీదే నేను కొత్త దారం అల్లేది. చెత్తగా ఉన్నాయని మీరు కత్తిరిస్తే అక్కడ మిగిలేది చిల్లే. ఎంత మంచి రఫూ పనివాడైనా గాలిలో కుట్టలేడు కదా.

అసలు నేను అడిగేది చిల్లు పడకముందే రమ్మని. ఉతికిన ప్యాంటు తిరగేసి, ఆసనం దగ్గర నాలుగు కుట్లు కలిసే చోటును లైటుకు అడ్డంగా పట్టుకుని చూడండి. మిగతా బట్ట కన్నా వెలుతురు ఎక్కువ కనిపిస్తే అది పలచబడినట్టు. ఆ దశలో తెస్తే లోపల చిన్న ముక్క వేసి నాలుగు వరుసలు కుడితే చాలు, బయటికి దాదాపు తెలియదు. చిల్లు పడ్డాక తెస్తే ఎంత బాగా కుట్టినా గుర్తు ఉంటుంది.

అరగడానికి కారణాలు మన రోజువారీ పనుల్లోనే ఉన్నాయి. బండి నడిపేవాళ్ళకు సీటు అంచు తొడ లోపలి వైపు రాసుకుంటూనే ఉంటుంది. ఎండాకాలం చెమటకు తడిసిన బట్ట ఒంటికి అంటుకుని ఇంకా తొందరగా అరుగుతుంది. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే అన్నలవి తొడల ముందు భాగం పోతాయి. ఇక ఉతకడం. మన బోరు నీళ్ళకు సబ్బు నురగ సరిగా రాదు, అందుకని బండ మీద పరిచి బ్రష్షుతో ఇంకా గట్టిగా రుద్దుతాం. ఆసనం దగ్గర, కింది మడత దగ్గర బ్రష్షు పెట్టకండి. తిరగేసి నానబెట్టి చేత్తో పిండండి, నీడలో ఆరేయండి. ఒకే ప్యాంటు వరసగా రోజూ వేయకండి.

కొలతది కూడా తప్పుంటుంది, అది కుట్టేవాళ్ళ తప్పు. ఆసనం పొడవు చాలకపోతే కూర్చున్న ప్రతిసారీ నాలుగు కుట్ల చోటే బట్ట గుంజుకుంటుంది. ఒకే చోట మాటిమాటికీ చిరిగే ప్యాంటు ఉంటే అది వేసుకునే రండి, కూర్చోబెట్టి చూస్తాను.

మా నాన్న ఖాకీ ప్యాంటు ఏది కుట్టినా, ఆసనం లోపల జేబుకు వాడే తెల్లబట్ట ముక్క ఒకటి వేసేవారు. వెనక కుట్టు రెండుసార్లు వేసేవారు. కింద మడమ తగిలే చోట లోపల ఒక టేపు కుట్టేవారు, చెప్పు రాసుకుంటే టేపు అరగాలి గాని ప్యాంటు అరగకూడదని. రెడీమేడ్ షాపుల రేట్లతో పోటీ పడలేక ఈ మూడూ నేనే మానేశాను. ఈ నెల నుంచి మన దగ్గర కుట్టే ప్రతి ప్యాంటుకూ మళ్ళీ వేస్తున్నాను, దానికి వేరే డబ్బులు లేవు. జూన్‌లో బళ్ళు తెరిచేముందు పిల్లల యూనిఫాం ఇచ్చే అక్కలకు మోకాలి లోపల కూడా ముక్క వేసి ఇస్తాను, అడగండి. కింద మడత రెండంగుళాలు వదులుతాను, పొడుగైతే విప్పుకోవచ్చు.

కొన్ని ప్యాంట్లు మాత్రం వెనక్కి ఇచ్చేస్తాను, తప్పుగా అనుకోవద్దు. బ్లీచింగ్ పడి బట్ట మొత్తం పిప్పి అయితే సూది దిగిన చోటల్లా చిరుగుతుంది. అలాంటిదానికి మీ దగ్గర డబ్బులు తీసుకోలేను.

అతుకు రేటు 40 రూపాయలు ఉండేది, ఇప్పుడు ఒక్కో వైపుకు 70. సాయంత్రానికి ఇవ్వలేను, మూడు రోజులు పడుతుంది. ఉతికి తీసుకురండి, మురికి మీద కుడితే దారం సరిగా కూర్చోదు. ఉచితంగా మళ్ళీ కుట్టాల్సినవి మాత్రం పొద్దున 11 లోపు తెస్తే ముందు వాటినే పట్టుకుంటాను. పాత రసీదు లేకపోయినా ఫర్వాలేదు, నా కుట్టు నేను గుర్తుపడతాను.

సారు ప్యాంటు రెండు వైపులా విప్పి కుట్టాను, ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కు పెట్టాను. గురువారం వచ్చి తీసుకెళ్తానన్నారు.