చెప్పిన ధర, తెగిన ధర: మన పేట సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం సమయంలో ఎక్కువ భాగం ఒక్క ప్రశ్నకే పోయింది: మన పేటలో ఇల్లు నిజంగా ఎంత పలుకుతోంది? మురుగు కాలువ, వీధి దీపాలు, కరెంటు తీగలకు తగిలే కొమ్మల పనులు ఎప్పటిలాగే చూశాం. వాటి వివరాలు జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

ఈ పని ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దావిడ లేచి, తన ఇల్లు అమ్మేశాకే పక్క వీధిలో అలాంటి ఇల్లే ఎంతకు పోయిందో తెలిసిందన్నారు. కొన్నవాళ్లకు తెలుసు, మధ్యవర్తికి తెలుసు, ఇన్నేళ్లు ఆ ఇంట్లో బతికిన ఆవిడకే తెలియదు. అది విన్నాక ఊరుకోవడం మాకు తప్పనిపించింది.

అందుకే ధరల రిజిస్టరు మొదలుపెట్టాం. పేర్లు రాయం. స్థలం ఎంత, కట్టి ఎన్నేళ్లయింది, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, బేరానికి ఎన్నాళ్లు పట్టింది, చివరికి ఎంతకు తెగింది, ఇవే రాస్తాం. అమ్మేవాళ్లు మొదట చెప్పిన ధరను లెక్కలోకి తీసుకోం. చెప్పిన ధరే నోటా నోటా పాకి పేటంతటి ధర అయిపోవడం వల్లే ఇన్నాళ్లూ గందరగోళం.

సగటు కూడా మోసం చేస్తుంది. ఉదాహరణకు అయిదు ఇళ్లు 40, 45, 50, 55, 160 లక్షల చొప్పున అమ్ముడయ్యాయి అనుకోండి. సగటు 70 వస్తుంది. కానీ వాటిలో నాలుగు ఇళ్లు 55 దాటలేదు. మూలమీద కట్టిన ఒక్క కొత్త భవనం లెక్కంతా పైకి లాగింది. వరుసలో మధ్యనున్న 50 మన ఇళ్లకు దగ్గరి లెక్క. అందుకే రిజిస్టరులో సగటు బదులు మధ్య ధరే చూపిస్తున్నాం. ఒకే ఇల్లు రెండోసారి అమ్ముడైతే ఆ రెండు ధరల్నీ పక్కపక్కన రాస్తున్నాం. పెద్ద ఇంటినీ చిన్న ఇంటినీ కలిపి పోల్చే పొరపాటు అప్పుడు రాదు. కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ అనే ఆర్థికవేత్తలు 1980లలో అమెరికా ఇళ్ల ధరలను ఈ పద్ధతిలోనే లెక్కగట్టారు.

"ఇల్లు ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుంది" అన్న ధీమాతో తలకు మించిన అప్పు చేసే యువ సభ్యుల కోసం ఒక మాట. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెరెన్‌గ్రాహ్ట్ అనే పాత కాలువ వీధి ఇళ్లకు 1628 నుంచి 1973 దాకా అమ్మకాల లెక్కలు దొరికాయి. ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే దాదాపు మూడున్నర శతాబ్దాల్లో ఆ ధరలు సుమారు రెట్టింపయ్యాయి, అంతే. మధ్యలో ఏళ్ల తరబడి పడిపోయిన రోజులూ ఉన్నాయి. వడ్డీ సంగతీ చూడండి. 20 ఏళ్ల అప్పు మీద వడ్డీ 8 శాతం నుంచి 9 శాతానికి పెరిగితే నెల వాయిదా ఏడున్నర శాతం పెరుగుతుంది. అంటే అదే వాయిదా కట్టగలిగినవాళ్లకు దొరికే అప్పు 7 శాతం తగ్గుతుంది. ఇంటికి ఏ లోపం లేకపోయినా బేరం ఆ మేరకు కిందికి జారవచ్చు.

ఇక మరమ్మతులు. పాత ఇల్లు కొనేవాళ్లు తరచూ నేలకే ధర కడతారు, కట్టడాన్ని కూల్చే ఖర్చు కింద చూస్తారు. గట్టిగా ఉన్న ఇంటికి ఇది అన్యాయం. అయితే మనం తెలియక చేసే పనులు కూడా దీనికి దారితీస్తున్నాయి. సున్నం గారతో కట్టిన గోడలు చెమ్మను పీల్చి బయటికి వదులుతాయి. వాటి మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని గార పొడిపొడిగా రాలుతుంది. అలా పూయించిన ఇళ్లు మన వీధుల్లో చాలా ఉన్నాయి, చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఇటుక సందుల్లో మళ్లీ సున్నమే పెట్టించండి. శ్లాబు పెచ్చులు ఊడితే పైన రంగు వేసి వదలకండి. లోపలి చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది. తుప్పు గీకి, చువ్వకు రక్షణ పూత వేసి, ఆ తర్వాతే పూడ్చాలి. ఎర్తింగ్ లేని పాత వైరింగ్ మీద ఏసీలు బిగించిన ఇళ్లవాళ్లు దయచేసి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కాగితాల సంగతి అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది. తాతల పేరు మీదే ఉండిపోయిన ఇళ్లు కొన్ని ఉన్నాయి. వారసులు తలో ఊళ్లో ఉంటారు, ఒక్కరు సంతకం పెట్టకపోయినా బేరం ఆగిపోతుంది. అత్యవసరంలో అమ్మాల్సి వస్తే ఈ ఇళ్లకే ఎక్కువ నష్టం. పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉండగానే హద్దులు కొలిపించి, పంపకాలు తేల్చుకుని రాతలో పెట్టుకోవాలని ఇంటింటికీ వెళ్లి చెప్పాం. కొందరు నొచ్చుకున్నారు. అయినా చెప్పడం మా బాధ్యత అనుకున్నాం.

ధర పెరగడం అందరికీ మేలు కాదని కూడా ఈ పనిలోనే బాగా అర్థమైంది. అమ్మే ఉద్దేశం లేని పెన్షన్‌దారుకు చేతికొచ్చేదేమీ లేదు, ఇంటి విలువను బట్టి పన్ను వేసేచోట భారం మాత్రం పెరుగుతుంది. అద్దెకున్న కుటుంబాలైతే పిల్లల బడి మధ్యలో ఉండగా ఇల్లు వెతుక్కోవాల్సి వస్తోంది. వాళ్లు కూడా మన పేటవాళ్లే. రిజిస్టరులో అద్దెల పేజీ కూడా ఉండాలని కార్యవర్గం కోరుతోంది. అద్దెలు బయటపడితే ఇంకా పెంచేస్తారని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఆ భయంలో నిజం ఉంది కాబట్టి మేం సొంతంగా నిర్ణయం తీసుకోలేదు. రాబోయే సర్వసభ్య సమావేశంలో మొదటి అంశంగా దీన్నే పెడుతున్నాం. ఓటు హక్కు లేకపోయినా అద్దెకున్నవారు వచ్చి మాట్లాడవచ్చు.

రిజిస్టరు సంఘం గదిలో ఉంటుంది, సభ్యులు ఎప్పుడైనా చూడవచ్చు. ఈ ఏడాది ఇల్లు అమ్మినా కొన్నా వివరాలు ఇంకా ఇవ్వనివారు సమావేశం లోపు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున