సిరామిక్ హాబ్ కొన్నవాళ్లకు, కొనబోయేవాళ్లకు మా షాపు నుంచి

మా కస్టమర్లందరికీ నమస్కారం. విజయవాడలో స్టవ్‌లు అమ్మి, బిగించి, రిపేర్లు చేసే మా షాపు మీలో చాలామందికి తెలిసిందే. ఈ సంక్రాంతి సీజన్ నుంచి సిరామిక్ హాబ్‌ల విషయంలో, అంటే అద్దం పలక కింద కాయిల్ కాలే కరెంటు స్టవ్‌ల విషయంలో, మా పద్ధతి మారుస్తున్నాం. ఇకమీదట మీ వంటిల్లు చూడకుండా బిల్టిన్ సిరామిక్ హాబ్, అంటే వంటగట్టులోకి దించి బిగించేది, అమ్మం. కరెంటు లైన్ సరిపోదనిపిస్తే, మీరు వేరే లైన్ వేయించుకున్నాకే బిగిస్తాం. "డబ్బు మేమిస్తుంటే మధ్యలో మీకేంటండీ ఇబ్బంది?" అని కొందరు అడిగారు. ఆ ఇబ్బంది ఏంటో వివరంగా చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా దగ్గరికి రిపేరుకి వచ్చే సిరామిక్ హాబ్‌లలో లోపలి సామాను పాడైనవి తక్కువ, పైన అద్దం దెబ్బతిన్నవే ఎక్కువ. మేం అమ్మే ఏ కంపెనీ వారంటీలోనూ అద్దం పగలడం రాదు. కొత్త అద్దం ఖరీదు విన్నాక, చిన్న స్టవ్ అయితే ఇంకొకటి కొనుక్కోవడమే నయమనిపిస్తుంది. పాత మోడల్‌కైతే అద్దం దొరకడమే కష్టం. ఇది కొనకముందు తెలియాల్సిన సంగతి. అద్దం పగిలాక బిల్లు పట్టుకుని షాపుకొచ్చిన రోజున తెలిస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

మీ ఇంట్లో ఉన్న గ్లాస్ టాప్ గ్యాస్ స్టవ్ అద్దం వేరు, దీని అద్దం వేరు. గ్యాస్ స్టవ్‌కి వేసేది టఫెన్డ్ గ్లాస్. అక్కడ మంట బర్నర్ మీద ఉంటుంది, అద్దం కేవలం పైమూత. సిరామిక్ హాబ్‌లో కాయిల్ అద్దం కింద ఎర్రగా కాలుతుంది, ఆ వేడి అద్దంలోంచే గిన్నెకి చేరాలి. దీనికి వాడే గ్లాస్ సిరామిక్ పుట్టింది అమెరికాలో, కార్నింగ్ కంపెనీలో. 1953లో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త గాజు ముక్కని కొలిమిలో పెడితే, 600 డిగ్రీల దగ్గర ఆగాల్సిన వేడి 900కి పోయింది. కరిగి ముద్దయి ఉంటుందనుకుని తలుపు తీస్తే తెల్లగా గట్టిపడి ఉంది. పట్టుకార జారి కిందపడినా పగలలేదు. తర్వాత జర్మనీలోని షాట్ కంపెనీ 1971లో సెరాన్ పేరుతో స్టవ్‌ల కోసం పలకలు తెచ్చింది. ఈ పలకలో కంటికి కనిపించని స్ఫటికాలుంటాయి. వేడెక్కినప్పుడు అవి కుంచించుకుంటే మిగతా గాజు సాగుతుంది. రెండూ సరిపోయి పలక మొత్తానికి దాదాపు ఏ మార్పూ ఉండదు. అందుకే వేడి మీద చన్నీళ్లు ఒలికినా సాధారణ గాజులా ఫట్‌మనదు. పక్కకి కూడా వేడి పెద్దగా పాకదు, ఎర్రగా ఉన్న వలయానికి కాస్త ఎడంగా పలక చల్లగానే ఉంటుంది.

వేడికి ఇంత తట్టుకునేది దెబ్బకి తట్టుకోలేదు. పలక మందం సుమారు 4 మిల్లీమీటర్లే. పెద్ద కుక్కర్ నెమ్మదిగా పెడితే ఏమీ కాదు, కానీ పై అరలోంచి ఊరగాయ సీసా జారి అంచుతో పడిందంటే పగులుతుంది. మేం వంటిల్లు చూడ్డానికి వచ్చినప్పుడు మొదట చూసేది హాబ్‌కి పైన ఉన్న షెల్ఫే. అక్కడ సీసాలు, రోలు, పప్పుగుత్తి, బరువు డబ్బాలు ఉంటే ముందు వాటికి వేరే చోటు చూడమంటాం.

ఇప్పుడు అసలు సంగతి, పాకం. పండగ ముందు ఇది రాయడానికి పెద్ద కారణం ఇదే. బెల్లం పాకం గానీ పంచదార పాకం గానీ కాలుతున్న అద్దం మీద పడితే గట్టిగా అంటుకుంటుంది. చల్లారేటప్పుడు పాకం బాగా కుంచించుకుంటుంది, అద్దం మాత్రం కుంచించుకోదు. దాంతో అది ఊడేటప్పుడు అద్దం పై పొరని పెచ్చులుగా లాగేస్తుంది. ఈ మధ్య ఒక హాబ్ వచ్చింది. దూరం నుంచి చూస్తే శుభ్రంగా తళతళలాడుతోంది. పక్కవాటుగా వెలుతురు పడేలా చూస్తే ముందు వలయం అంచున అర్ధచంద్రాకారంలో చిన్న గుంటలున్నాయి, వేలితో రాస్తే గోరు తట్టుకుంటోంది. చక్కెర పొంగలి పొంగితే చల్లారాక తుడుద్దామని వదిలేశారట. ఆ గుంటల్ని ఏ క్రీమూ పూడ్చలేదు.

అందుకని తీపి పడితే మాత్రం ఆగకండి. స్టవ్ కట్టేసి, గిన్నె తీసి పక్కన పెట్టండి. చేతికి ఓవెన్ గ్లోవ్ గానీ మందపాటి పొడి మసిగుడ్డ గానీ వేసుకుని, స్టవ్‌తో ఇచ్చిన బ్లేడు స్క్రేపర్‌తో పాకాన్ని వేడి లేని వైపుకి నెట్టేయండి. ప్లాస్టిక్ అట్లకాడ వాడితే అదీ కరిగి తోడవుతుంది. పెద్ద మరక పోయాక మిగిలిన జిగురుని అద్దం చల్లారాక తుడుచుకోవచ్చు. ప్లాస్టిక్ కవరు, అల్యూమినియం ఫాయిల్ అంటుకున్నా ఇలాగే వేడి మీదే తీయాలి. మిగతా ఏది పడినా, పప్పైనా చారైనా నూనైనా, చల్లారేదాకా ఆగి తుడవడమే మంచిది.

అరిసెల విషయంలో నా సలహా ఇంకా సూటిగా ఉంటుంది. అరిసెల పాకం సిరామిక్ హాబ్ మీద పట్టకండి. పాకం ఒలికే భయం ఒకటి, పిండి పోసి తెడ్డుతో కలిపేటప్పుడు గిన్నె కుదుపులు ఇంకొకటి. ఇద్దరు పట్టుకుని బలంగా తిప్పే ఆ పనికి నేలమీద పెట్టిన గ్యాస్ పొయ్యే సరైనది. సిరామిక్ హాబ్ కొంటున్నామని ఉన్న గ్యాస్ కనెక్షన్ వదులుకోవద్దని మేం చెప్పేది కూడా ఇందుకే.

గృహప్రవేశం గురించి కూడా చెప్పాలి. కొత్త ఫ్లాట్‌లో హాబ్ బిగించగానే దానిమీదే పాలు పొంగించాలని చాలామందికి సరదా. పాలు పొంగి అద్దం మీద మాడితే ఆ మరక వదిలించడం పెద్ద పని, పైగా అందులో పరమాన్నం కోసం బెల్లం వేస్తే పైన చెప్పిన కథే. చిన్న గ్యాస్ స్టవ్ మీద పొంగించుకోండి. మామూలు రోజుల్లో కూడా పాల దగ్గర గ్యాస్ అలవాటు పనికిరాదు. గ్యాస్ కట్టగానే పొంగు దిగిపోతుంది. ఇక్కడ బటన్ నొక్కినా కాయిల్‌లో, అద్దంలో వేడి ఉంటుంది కాబట్టి పాలు ఇంకా పైకే వస్తాయి. కట్టేసి చూస్తూ నిలబడకుండా గిన్నె పక్కకి తీయాలి. అదే వేడిని లాభంగా కూడా వాడుకోవచ్చు. పప్పు, కూర ఇంకాస్త ఉడకాలనగానే కట్టేస్తే మిగతాది ఆ వేడికే అయిపోతుంది.

కట్టేశాక అద్దం మీద 'హెచ్' అనే అక్షరమో చిన్న ఎర్ర లైటో వెలుగుతూ ఉంటుంది. పలక ఇంకా వేడిగా ఉందని దానర్థం. అది ఆరేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మన దగ్గర ఇంకో చిక్కుంది. మధ్యలో కరెంటు పోతే ఆ లైటు కూడా పోతుంది, అద్దం మాత్రం కాలుతూనే ఉంటుంది. ఎరుపు కనిపించట్లేదని చెయ్యి వేయొద్దు. ఒంటి బర్నర్ ఇన్‌ఫ్రారెడ్ స్టవ్‌లలో, అంటే ప్లగ్గుకి పెట్టి వాడే ఇదే రకం చిన్న స్టవ్‌లలో, లోపల ఫ్యాన్ ఉంటుంది, స్టవ్ ఆపినా అది కాసేపు తిరుగుతుంది. దాన్ని తిరగనివ్వండి, వెంటనే ప్లగ్ లాగేయకండి.

వండుతుండగా వలయం ఎర్రబడుతూ ఆరుతూ ఉంటే కాయిల్ పోయిందని చాలామంది ఫోన్ చేస్తున్నారు. అది లోపం కాదండీ. వేడి హద్దు దాటకుండా లోపల ఉన్న లిమిటర్ చేసే పని అది. దీనికోసం మమ్మల్ని పిలిపించుకుని విజిట్ చార్జి కట్టకండి. మామూలు కంటే మరీ తరచుగా ఆరిపోతూ వంట ఆలస్యమవుతుంటే ముందు గిన్నె అడుగు చూడండి. తిరగేసి అడుగు మీద స్కేలు పెట్టి, సందులోంచి వెలుతురు వస్తోందేమో గమనించండి. అడుగు వంగితే వేడి గిన్నెకి అందదు. గుండ్రటి మూకుళ్లు దీనిమీద పనికిరావు. సత్తు గిన్నెలు పనిచేస్తాయి గానీ బూడిదరంగు గీతలు పెడతాయి. అవి అసలు గీతలు కావు, అద్దానికి అంటిన లోహం. హాబ్ క్రీముతో ఓపిగ్గా రుద్దితే పోతాయి. మట్టికుండ, రాచ్చిప్ప వద్దు. ఇనప పెనం వాడొచ్చు, కానీ జరపకుండా ఎత్తి పెట్టాలి. గిన్నె అడుగున ఇసుక రేణువో ఉప్పు కల్లో ఉండి జరిపితే, ఆ గీత ఇక పోదు. ఎనామిల్ గిన్నె, అల్యూమినియం కుక్కర్ నీళ్లు ఇగిరిపోయి మాడితే అద్దానికే అతుక్కోవచ్చు, కాబట్టి పొయ్యి మీద పెట్టి బయటికి వెళ్లొద్దు.

శుభ్రం చేయడానికి పెద్ద హంగామా అవసరం లేదు. చల్లారాక తడి గుడ్డ, కొంచెం గిన్నెల సబ్బు చాలు. తర్వాత మామూలు నీళ్ల గుడ్డతో సబ్బు పోయేలా తుడిచి ఆరబెట్టండి. సబ్బు మిగిలిపోతే మళ్లీ వేడెక్కినప్పుడు అదే మరకవుతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో తెల్లటి చారలు వస్తాయి. వాటికి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ రాసి, కొన్ని నిమిషాలుంచి తుడిస్తే పోతాయి. స్టీలు పీచు, ఆకుపచ్చ పీచు, గిన్నెలు తోమే పొడి, బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ దగ్గరికి కూడా రానివ్వకండి. ఇది మీకు తెలిస్తే సరిపోదు, ఇంట్లో పనిచేసే ఆవిడకి కూడా చెప్పాలి. మేం బిగించేటప్పుడు ఆవిడ ఉంటే ఆవిడకే చేసి చూపిస్తాం.

ఇక కరెంటు. నాకు అన్నిటికన్నా టెన్షన్ దీని గురించే. ఒంటి బర్నర్ ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ 2000 వాట్లంటే దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది. దానికి 16 యాంపియర్ల పవర్ ప్లగ్గే కావాలి. కన్వర్టర్ పెట్టి 6 యాంపియర్ల ప్లగ్గులో గుచ్చడం, మిక్సీతో కలిపి ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టడం మేం చాలా ఇళ్లలో చూస్తున్నాం. పిన్ను చుట్టూ తెల్లటి సాకెట్ పసుపు రంగుకి తిరిగి, ముట్టుకుంటే మెత్తగా ఉందంటే అది అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. నాలుగు బర్నర్ల బిల్టిన్ హాబ్ అయితే 6000 నుంచి 7000 వాట్లు, అంటే 26 నుంచి 30 యాంపియర్లు. దానికి మీటర్ బోర్డు నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 32 యాంపియర్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. షాక్ కొడితే ట్రిప్ అయ్యే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించమని గట్టిగా అడుగుతాం. మీ కనెక్షన్ లోడ్ తక్కువైతే కరెంటు ఆఫీసులో అదనపు లోడ్‌కి దరఖాస్తు చేసుకోవాలి. ఇంట్లో ఇన్వర్టర్ మీద ఇది నడవదు. వెయ్యి వాట్ల బర్నర్ గంటసేపు పూర్తిగా కాలితే ఒక యూనిట్. శ్లాబు మారితే బిల్లు ఎంతవుతుందో కొనకముందే లెక్క వేసుకోండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు కూడా మమ్మల్ని అడుగుతున్నారు. అక్కడి అద్దె ఇళ్లలో ఇలాంటి అద్దం స్టవ్‌లు చాలా మామూలు. వాళ్లకి చెప్పేదీ ఇదే: ఇక్కడి నుంచి గుండ్రటి మూకుడు పట్టుకెళ్లొద్దు, పాకం పడితే వెంటనే గీకండి, స్టవ్ మీద గుడ్డలూ ప్లాస్టిక్ మూతలూ పెట్టొద్దు. చూడ్డానికి చదునైన బల్లలా ఉంటుంది, కానీ పొరపాటున చెయ్యి తగిలి ఆన్ అయితే పైన ఉన్నవి అంటుకుంటాయి. అందుకే చైల్డ్ లాక్ ఉంటే వాడాలి.

నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. స్టవ్ కట్టేసి, వీలైతే మూత పెట్టి, అది పూర్తిగా చల్లారేదాకా తీయొద్దు. అదుపు తప్పుతోందనిపిస్తే అందరూ బయటికి వచ్చేసి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయండి.

అద్దంలో వెంట్రుకవాసి పగులు కనిపించినా ఆ హాబ్ మళ్లీ వాడకూడదు. పగుల్లోంచి చారో నీళ్లో లోపలికి దిగితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. మొదట మెయిన్‌లో ఎంసీబీ దించేయండి. ఫెవిక్విక్ వేసి, టేపు అతికించి వాడుతున్నవాళ్లున్నారు. దయచేసి అలా చేయొద్దు. నా దగ్గర కొన్నా, ఇంకెక్కడ కొన్నా ఇదే మాట.

మా వైపు నుంచి మారేవి ఇవి. వంటిల్లు చూడ్డానికి వస్తే 300 రూపాయలు తీసుకుంటాం, హాబ్ కొంటే ఆ మొత్తం బిల్లులో తగ్గిస్తాం. ప్రతి సిరామిక్ స్టవ్‌తో స్క్రేపర్ ఉచితంగా ఇస్తాం. బిగించే రోజున వంట చేసేవాళ్లు ఇంట్లో ఉండే టైం చెప్పండి, అప్పుడే వస్తాం. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ షాపు మూసి ఉంటుంది. ఆ రోజుల్లో అద్దం పగిలితే ఎంసీబీ దించేసి, పగులు ఫోటో, హాబ్ అడుగున ఉన్న మోడల్ నంబర్ స్టిక్కర్ ఫోటో వాట్సాప్‌లో పెట్టండి. స్టిక్కర్ అందకపోతే బిల్లు ఫోటో చాలు. షాపు తెరిచిన రోజే అద్దం దొరుకుతుందో లేదో, ఎంతవుతుందో కనుక్కుని చెప్తాం.