అటక మీది దీపం సంగతి

అమలాపురం,
ఆదివారం.

చి. ల. సౌ. వాణికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. తలుస్తాను అనడం ఎందుకంటే, తెలియదు కనుక. సరే, ఆ మాట అలా ఉంచు. ఈ ఉత్తరం మన పాత హాలులో వేలాడిన కప్పీ దీపం గురించి, అదే, గొలుసుతో కిందికీ పైకీ లాగే ఆ కిరసనాయిలు దీపం. ఫోనులో తేలే విషయం కాదు. అందులోనూ అవతల ఎవరో ఒకరు ఫోను ఎత్తాలి కదా.

నువ్వు వస్తావని దీపావళికి ముందు అటక దులిపించాను. పాత ట్యూబులైటు పట్టీలు మూడు, ఒక పెట్రోమాక్సు, నీ మూడు చక్రాల సైకిలు తాలూకు హ్యాండిలు, అన్నిటికీ వెనక మీ తాతయ్య పంచెలో చుట్టిన దీపం. పాత సామాన్ల అతను కాటా వేసి ఇత్తడి నాలుగు కిలోలకు కాస్త తక్కువ తూగుతుందన్నాడు. పాలగాజు డోము మాత్రం మాకే వదిలేస్తానన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు. లోపలి నుంచి మీ అమ్మ "అది అమ్మే సామాను కాదు" అంది. బేరం అంతటితో సరి. నువ్వు ఇంటరులో ఉండగా దాని కింద నిలబడి "ఇది నాకే, అన్నయ్యకు ఇవ్వకండి" అన్న మాట ఆవిడకు గుర్తుంది. నీకు గుర్తుందో లేదో.

పట్టీలను మీ అమ్మ తీసుకుంది. నేను చోకులు, స్టార్టర్లు పీకి ఇచ్చాను. వాటిని బోర్లా తిప్పి, రెండు చివరలు మూయించి, అడుగున చిల్లులు కొట్టించి, మట్టి నింపి పిట్టగోడ మీద పెట్టింది. మెంతికూర వచ్చింది, ఒకసారి పప్పులోకి కోసింది కూడా. దీపం చిమ్నీ కార్తీకమాసం అయ్యేదాకా తులసికోట దగ్గర ఉంటుందట. ప్రమిద చుట్టూ నిలబెడితే గాలికి దీపం కొండెక్కడం లేదు. ఎదురింటి కుర్రవాడు మాడిపోయిన బల్బుల్లో నీళ్ళు పోసి మనీప్లాంటు తీగలు పెడుతున్నాడు. చూడటానికి బాగానే ఉంటుంది గాని ఆ గాజు ఎంత పలచనో వాడికి తెలియదు. చెప్పాను. విన్నట్టే తల ఊపాడు. ఈ కాలం పిల్లలందరూ అంతే, విన్నట్టే ఉంటారు.

నాగుల చవితికి కాకినాడ అత్త వచ్చింది. పుట్టలో పాలు పోసి వచ్చాక, చిమ్మిలి తింటూ, "వాణి ఉద్యోగం మానేసిందటగా" అంది. మీ అమ్మ నా మొహం చూడలేదు, నేను మీ అమ్మ మొహం చూడలేదు. "దానికి సెలవులు మిగిలిపోయాయి, వాడుకుంటోంది" అన్నాను. ఎందుకు అలా అన్నానో నాకే తెలియదు. అత్త మాటలు ఎంతవరకు నమ్మవచ్చో నీకు నేను చెప్పాలా? రామచంద్రపురం సంబంధం విషయంలో చూశాం కదా. కనుక నేను దాన్ని పట్టించుకోలేదు.

దీపం దగ్గరికి వస్తాను. చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి రెండు పూటలు తోమాం. మీ అమ్మ మరీ తళతళలాడించబోతే నేనే ఆపాను. నగిషీ సందుల్లో నలుపు ఉంటేనే అది పాతదని తెలుస్తుంది. వత్తి తిప్పే చక్రం మీద అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. జర్మనీ అన్న మాట ఒక్కటే చదవగలిగాను. ఇంత కాలం ఇది మద్రాసు దీపమని చెప్పుకున్నాం!

దీన్ని కరెంటు దీపంగా మార్చడం నాకు ఎంత పని అనుకున్నాను. కిరసనాయిలు బుడ్డికి కన్నం పెట్టకూడదని మాత్రం ముందే అనుకున్నాను. పెడితే అది మళ్ళీ ఎప్పటికీ బుడ్డి కాదు. బర్నరు మర విప్పి, ఆ మరలోనే కూర్చునేలా లేతు మిషను అతని చేత ఒక ఇత్తడి గొట్టం ముక్క చేయించి, దాని నెత్తిన హోల్డరు బిగించాను. తీగను గొలుసు వెంట పైకి తీసుకువెళ్ళాను. బర్నరును గుడ్డలో చుట్టి విడిగా దాచాను, రేపు నీ పిల్లలు వత్తి దీపమే కావాలంటే పది నిమిషాల పని. బుడ్డిలో కిరసనాయిలు వాసన మాత్రం ఒక పట్టాన వదల్లేదు. కుంకుడు రసం పోసి గిలకొట్టి, మూడు రోజులు ఎండలో పెట్టాను.

అంతా అయ్యాక ఫ్యాను కొక్కేనికి వేలాడదీసి చెయ్యి వదిలానో లేదో, దీపం సర్రున పైకి పోయి కప్పుకు తగిలింది. మీ అమ్మ కెవ్వుమంది. ఆలోచిస్తే సంగతి తెలిసింది. అవతలి వైపు గొలుసుకు వేలాడే గుండు ఉంది చూడు, దాన్ని నిండు బుడ్డి బరువుకు సరితూగేలా చేశారు. ఇప్పుడు బుడ్డి ఖాళీ. ముక్తేశ్వరం రేవు నుంచి ఇసుక తెప్పించి, జల్లించి, ఎండబెట్టి, గరిటెతో కొద్దికొద్దిగా పోస్తూ చూశాను. ముప్పావు కిలో పట్టింది. ఆఖరి గరిటెకు ముందు పైకి పోతూనే ఉంది, ఆఖరి గరిటె పడగానే ఆగింది. ఇప్పుడు ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది.

ఈ దీపం అంటే మీ అమ్మకు ఎందుకు ఇంత పట్టో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నీకు అప్పటికి రెండేళ్ళు నిండలేదు. 1996 నవంబరు 6, బుధవారం, తుపాను వచ్చిన రోజు. దీపావళి ఇంకా నాలుగు రోజులే. నాకు ముమ్మిడివరం వైపు డ్యూటీ. సాయంత్రానికే గాలి తిరిగింది. రాత్రి సబ్‌స్టేషనులో నలుగురం ఇనుప బీరువా చాటున కూర్చున్నాం. తెల్లారి బయటికి వస్తే కొబ్బరితోట లేదు, ఆకాశమే ఉంది. చెట్లన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. సిమెంటు స్తంభాలు మధ్యకు విరిగి లోపలి ఇనుప ఊచలు పట్టుకుని వేలాడుతున్నాయి. అక్కడి నుంచి మన ఇల్లు పట్టుమని పాతిక కిలోమీటర్లు లేదు. అయినా రోడ్డు ఎక్కడుందో తెలిస్తే కదా. ముందు చెట్లు నరకాలి, తర్వాత స్తంభాలు, ఆ తర్వాత తీగలు. ఆసుపత్రికి, మంచినీళ్ళ ట్యాంకుకు కరెంటు ఇచ్చేదాకా ఎవరూ ఇంటి మాట ఎత్తలేదు. గంజి తాగాం, కొబ్బరి బొండాలు తాగాం, ఆ బొండాల వాసన అంటే నాకు ఇప్పటికీ పడదు. తొమ్మిది రోజులు.

ఇక్కడ మన పెంకుటింటికి సగం పెంకులు లేవు. మీ మామ్మ మంచం కింద నిన్నూ అన్నయ్యనూ పడుకోబెట్టారట. అప్పటికి ఆ దీపం అలంకారానికి వేలాడుతున్నదే, వత్తి కూడా లేదు. మీ అమ్మ పాత నూలు పట్టీ చీల్చి వత్తి చేసి, రేషను నీలం కిరసనాయిలు పోసి, రోజూ చీకటి పడే వేళకు దీపాన్ని కిందికి లాగి, వెలిగించి, మళ్ళీ పైకి వదిలి, వీధి వైపు కిటికీ తలుపులు తెరిచి పెట్టేదట. వీధి మొత్తానికి అదే వెలుగు. దీపావళి నాడు కూడా మన ఇంట్లో అదొక్కటే దీపం. అయిదో రోజున ఎవరో వచ్చి, ముమ్మిడివరం వైపు లైనుమనిషి మీద స్తంభం పడిందట అని చెప్పి వెళ్ళారు. ఎవరి మీదో చెప్పలేదు. అసలు అలాంటిది ఏదీ జరగలేదు. ఆ చెప్పినవాళ్ళెవరో మీ అమ్మ నాకు ఇప్పటికీ చెప్పదు.

నేను వచ్చింది పదిహేనో తారీఖు రాత్రి. వీధి మలుపు తిరగగానే కిటికీలో వెలుగు కనిపించింది. లోపలికి వస్తే మీ అమ్మ ఒక్క మాట అనలేదు. "కాళ్ళు కడుక్కోండి" అంది. దీపం కిందికి లాగి వత్తి తగ్గించింది. కిరసనాయిలు దండగ కదా.

నీకు మాత్రమే చెబుతున్నాను. నాలుగో రోజున అటు నుంచి అమలాపురం దాకా ఒక జీపు వెళ్ళింది. డ్రైవరు నాకు తెలిసినవాడే. చీటీ మీద రెండు ముక్కలు రాసి ఇచ్చి ఉండవచ్చు. పనిలో పడి తోచలేదు. క్షేమంగా ఉన్నవాడికి తన క్షేమం ఎవరికో చెప్పాలని తోచదు కాబోలు.

ఇక మీ ఇంటి సంగతి. దీపం ఒళ్ళంతా ఇత్తడి కనుక ఎర్తు తప్పదు. అందుకే మూడు తీగల కేబులు వాడాను. మీ కొక్కెం దగ్గరికి ఎర్తు వచ్చిందో లేదో చూసుకోవాలి. రాకపోతే నేను వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు. మీ మెయిను బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి., అంటే కరెంటు లీకైతే దానంతటదే కట్టేసే స్విచ్చి, ఉందా? దాని మీద టెస్టు బటను ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడమని గృహప్రవేశం నాడే చెప్పాను, ఎప్పుడైనా నొక్కారా? బల్బు తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. చాలు. డబ్బా మీద 2700 కెల్విన్ అని చూసి కొను, పసుపు వెలుగు వస్తుంది. 6500 తెస్తే పాలగాజు కింద అన్నం తింటున్నట్టు ఉండదు, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు ఉంటుంది. మీ హాలుకు ఆ తెల్ల అట్టల సీలింగు వేయించారు కదా, దాని మీద భారం వేయకూడదు. ఇసుకతో కలిపి మొత్తం అయిదారు కిలోలు. పైన శ్లాబులోకి బోల్టు వేయాల్సిందే.

ఇంకొక మాట, ఎవరి గురించీ కాదు, మాటవరసకు రాస్తున్నాను. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ముందు చూసుకోవలసింది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చిన బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోవాలి. పి.ఎఫ్. డబ్బు ముట్టుకోకూడదు. ఇంటి వాయిదాలకు ఆరు నెలల సొమ్ము పక్కన ఉండాలి. లేకపోతే ఇక్కడ బ్యాంకులో నీ పేరు మీద వేసినది ఉంది. అది నీ పెళ్ళి ఖర్చులో మిగిలిన డబ్బు, నాది కాదు, కనుక మొహమాటం అక్కరలేదు. మానేయడం తప్పని నేను అనడం లేదు. నేనూ ఒకసారి రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకుని రెండు నెలలు తిరిగాను. పొద్దున్న టిఫిను మానేయడం మాత్రం తప్పు. పోయినసారి వీడియోలో నీ మెడ ఎముకలు కనిపించాయని మీ అమ్మ అంది. నేను గమనించలేదు. గమనించాను.

అల్లుడుగారిని అడగవచ్చు. కానీ అడిగితే ఆరా తీసినట్టుంటుంది.

ప్రస్తుతానికి దీపం మన హాలులోనే వెలుగుతోంది. స్విచ్చి గోడకే ఉంది. అయినా మీ అమ్మ సాయంత్రం కాగానే దాన్ని ఒకసారి కిందికి లాగి, మళ్ళీ పైకి వదులుతోంది. అలా లాగితే తీగ కప్పీ మీద ఒరుసుకుని పైపొర పోతుందని చెప్పాను. మీ ఇంట్లో మాత్రం ఎత్తు చూసుకుని గొలుసుకు చీల వేసేస్తాను.

అందుకే కొలత కావాలి. భోజనం బల్ల మీద నుంచి కప్పు దాకా ఎంత ఉందో టేపు పెట్టి చూడు. దీపం అడుగు బల్లకు రెండున్నర అడుగుల ఎత్తున ఉండాలి, మిగతాది గొలుసు. డోమును మీ అమ్మ నేత చీరల్లో చుట్టింది. ఆ అట్టపెట్టెలో ఖాళీ ఎందుకని సున్నుండల డబ్బా కూడా ఇరికించింది. నేను రాజమండ్రిలో రైలెక్కి లింగంపల్లిలో దిగుతాను, స్టేషనుకు రానవసరం లేదు. డ్రిల్లు మిషను నేనే తెస్తాను. పని పగటిపూట చెయ్యాలి, మెయిను కట్టేస్తాం కదా. నువ్వు పగలు ఇంట్లో ఉండే రోజు ఏదో రాయి. ఆదివారమే కానవసరం లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏ రోజైనా నాకు అభ్యంతరం లేదు.

కొలత అంగుళాల్లో పంపు.

ఆశీస్సులతో,
నాన్న