పై అంతస్తుకు అర మీటరు చిక్కు

సంపాదకులకు,

తిరుపతిలో స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లోనే చెప్పుకుంటాం. ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు. 60 అంకణాలంటే 2,160 చదరపు అడుగులు, అంటే 200.67 చదరపు మీటర్లు. 200 పైన ఆ ముప్పాతిక చదరపు మీటరు కూడా లేని తేడాతోనే చిక్కు మొదలవుతుంది. 2017 భవన నిబంధనల పట్టికలో 200 చదరపు మీటర్లు దాటిన స్థలం పై శ్రేణిలోకి వెళ్తుంది. చిన్న రోడ్లపై ముందు వదలాల్సిన ఖాళీ ఒకటిన్నర మీటర్ల నుంచి రెండు మీటర్లవుతుంది. ఈ శ్రేణిలో పక్క ఖాళీ ఇంటి ఎత్తును బట్టి మారుతుంది: 7 మీటర్ల లోపైతే మీటరు, 10 మీటర్ల వరకైతే మీటరున్నర.

మీటరు వదిలి కట్టిన పాత ఇంటిపై రెండో అంతస్తు వేయబోతే ఎత్తు 7 మీటర్లు దాటుతుంది; ప్లాను తిరిగొచ్చేది అందుకే. పై అంతస్తు గోడను అర మీటరు లోపలికి జరిపితే సరిపోతుందంటారు. కానీ అక్కడ కింద దూలం ఉండదు, బరువంతా శ్లాబు మీద పడి పగుళ్లు రావచ్చు. ఇంజినీరు లెక్క లేకుండా ఆ పని వద్దు. బయటి మెట్లు పక్క ఖాళీలోకి చొచ్చుకొస్తే మరో అభ్యంతరం. రోడ్డు విస్తరణ గీత ఉంటే, ముందు ఖాళీని ప్రహరీ నుంచి కాదు, ఆ గీత నుంచి కొలవాలి.

కింది అంతస్తుకు ఆమోదిత ప్లాను ఉండి, స్తంభాలు బరువు మోయగలవని ఇంజినీరు ధ్రువీకరిస్తే, పక్క ఖాళీలో ఆ అర మీటరు సడలించాలి. ఈలోగా అంకణాలను మీటర్లలోకి మార్చిన పట్టికనైనా వార్డు సచివాలయాల గోడకు అంటించండి.

– కొందరు భవన నిర్మాణ సాంకేతిక నిపుణులు, తిరుపతి