నా షూ లేసు కట్టిన ఆవిడకి

ఇవాళ్టితో నడుం నొప్పికి ఆసుపత్రి చుట్టూ తిరగడం అయిపోయింది. "ఇక రానక్కర్లేదు, చేస్తున్న ఎక్సర్‌సైజులు మాత్రం మానకండి" అన్నారు డాక్టరు. ఆ ఒక్క ముక్క కోసం నాలుగు గంటలు కూర్చున్నాను. అవును, కూర్చున్నాను! తొమ్మిది నెలల కిందట అదే హాల్లో పది నిమిషాలు కుర్చీలో ఉండలేక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఒళ్ళు హూనమై నిద్ర ముంచుకొస్తోంది కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టదు. తప్పులుంటే సర్దుకోండి.

అప్పట్లో నొప్పి నడుం దగ్గర మొదలై ఎడమ పిక్క దాకా లాగేది. కదలొద్దన్నారని అప్పటికే మూడు వారాలు మంచానికి అంటుకుపోయి ఉన్నాను. చేతిలో స్కాన్ రిపోర్టు. అందులో 'డీజెనరేటివ్' అన్న మాట చూసి వెన్నెముక లోపల్లోపల పుచ్చిపోతోందనే అనుకున్నాను. అంతలో షూ లేసు ఊడింది. వంగలేను. ఎవరినైనా అడగాలంటే సిగ్గు. ఏమీ కానట్టు చూస్తూ నిలబడ్డాను.

ఎదురు కుర్చీలో ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి. వాళ్ళ అన్నగారికి తోడు వచ్చారట. మాట్లాడకుండా లేచి, నా ముందు ఒక మోకాలు నేలకి ఆనించి లేసు కట్టారు. రెండు ముళ్ళు వేశారు. రెండో కాలిది ఊడకపోయినా, అదీ విప్పి బిగించి కట్టారు. "అయ్యో, వద్దండీ" అనబోయాను, గొంతు పెగల్లేదు. ఏడుపొచ్చేసింది. అంతమంది ముందు చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు కూడా. "కూర్చోలేకపోతున్నావు కదమ్మా, పద, నేనూ నిలబడతా" అని నా పక్కన గోడకి ఆనుకున్నారు. నా పేరు పిలిచేదాకా, గంట పైనే, అలాగే ఉన్నారు.

ఆ గంటలో చెప్పినవే నాకు అసలు వైద్యం. ఆవిడకీ పన్నెండేళ్ళ కిందట ఇదే నొప్పి. నా రిపోర్టు చూసి, "ఇదా? ఇది అరుగుదలేనమ్మా, వయసు మీద పడ్డవాళ్ళని స్కాన్ తీస్తే నొప్పి లేకపోయినా చాలామందికి ఇలాగే వస్తుంది" అన్నారు. కింద పడ్డ కాగితం తీస్తూ ఎలా వంగాలో చూపించారు: నడుం నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మడత పడాలి. భయపడాల్సినవేంటో కూడా చెప్పారు. మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలహీనపడినా ఆ నిమిషమే పరుగెత్తాలి. "అవేవీ లేవుగా? రేపు ఐదు నిమిషాలు నడువు."

ఫోన్ నంబరు తీసుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఫోన్. "లేచావా?" అంతే. ఆ తర్వాత నలభై రోజులు రోజూ అదే మాట. ఐదు నిమిషాలు పదయ్యాయి, పది ముప్పై అయ్యాయి. నడక కుదిరాక వెల్లకిలా పడుకుని నడుం ఎత్తే బ్రిడ్జ్, ఒక చెయ్యీ దానికి ఎదురు కాలూ చాచే బర్డ్ డాగ్, పక్కకి తిరిగి మోచేతి మీదా మోకాళ్ళ మీదా ఒళ్ళు ఎత్తి ఉంచే సైడ్ ప్లాంక్. ఒక్కోటీ పది సెకన్లు పట్టి ఉంచి వదలడం. కొంచెం నొప్పి ఉంటే ఫర్వాలేదు, మర్నాటికి తగ్గాలి. కాల్లోకి పాకితే మాత్రం ఆపాలి. నిద్ర లేవగానే వంగే పనులు పెట్టుకోవద్దు, రాత్రంతా నీరు పట్టి వెన్నుపూసల మధ్య డిస్కులు ఉబ్బి ఉంటాయి. నొప్పి పిక్క వదిలి నడుం దగ్గరే ఎక్కువైన రోజు నేను హడలిపోతే ఆవిడ నవ్వారు: "వెనక్కి వెళ్తోందమ్మా, మంచిదే."

ఐదో నెలలో ఆఫీసు పని పడి రెండు వారాలు మానేశాను. మళ్ళీ పట్టేసింది. ఆవిడ ఫోన్ చేసినా సిగ్గుతో ఎత్తలేదు. 2024లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధన గురించి అప్పుడు చదివాను. నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో నడక నేర్చుకున్న వాళ్ళలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, మిగతావాళ్ళలో 112. అంటే నడిచినవాళ్ళకీ వచ్చిందన్నమాట! ఎందుకో ప్రాణం కుదుటపడి ఆవిడకి ఫోన్ చేశాను. "లేచావా?" అన్నారు, మధ్యలో ఏమీ జరగనట్టు.

ఒక్కటి అడగకుండా ఉండలేను. ఇవన్నీ ఎదురు కుర్చీ మనిషి చెప్పాలా? ఆసుపత్రిలో నాకు ఇచ్చింది రెండు నిమిషాలు, ఒక నడుం బెల్టు, మాత్రలు, ఎనిమిది బొమ్మల జిరాక్సు కాగితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే దీర్ఘకాలిక నడుం నొప్పికి బెల్టులు మామూలుగా వాడొద్దని, వ్యాయామం నేర్పమని చెప్పింది. నా బీమా ఆపరేషన్‌కైతే ఇస్తుందట, వ్యాయామం నేర్పినందుకు ఇవ్వదట. 2020 లెక్కల్లో ప్రపంచంలో ఈ నొప్పి ఉన్నవాళ్ళు దాదాపు 62 కోట్లు. అందరికీ లేసు కట్టేవాళ్ళు దొరుకుతారా? పోనీలెండి, బీపీ పెరుగుతోంది.

ఆవిడ పేరు రాయొద్దన్నారు, రాయను. మా ఆయనకీ అమ్మకీ పిల్లలకీ ఇక్కడ థాంక్స్ చెబితే నవ్వుతారు. ఇంట్లో చెప్పుకుంటాంలే.

అయ్యో, ఫిజియోథెరపిస్టుని మర్చిపోయాను! నా బర్డ్ డాగ్‌లో నడుం ఊగుతోందని వీపు మీద పుస్తకం పెట్టి సరిచేసిన అమ్మాయి. స్కాన్ గదిలో వణుకుతుంటే దుప్పటి కప్పినతను. చెప్పకుండానే నా కంప్యూటర్ కింద అట్టపెట్టె పెట్టి ఎత్తు చేసిన పక్క సీటు ఆయన. ఇంకా కింది ఇంటి పిల్ల. సైడ్ ప్లాంక్ చేస్తూ నేను దభీమని పడ్డప్పుడల్లా పైకొచ్చి, "ఆంటీ, బాగానే ఉన్నారా?" అని తలుపు కొట్టేది. ఉన్నానమ్మా.