అమ్మని ముందు పిలిచినవాళ్లకి

మా అమ్మకి రేడియేషన్ మధ్యలో ఆగకుండా పూర్తయింది. డాక్టర్లకి ఎంత దండం పెట్టాలో, విశాఖ ఆసుపత్రిలో డైటీషియన్ మేడమ్‌కీ, అమ్మని ఆవిడ దగ్గరకి ముందు పంపిన నర్సమ్మకీ అంతే పెట్టాలి.

అమ్మది అంగిలి క్యాన్సర్. మా శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ సంగతి తెలిసిందే కదా. వైద్యం మొదలవకముందే అమ్మ 48 కిలోల నుంచి 43కి దిగిపోయింది. మొదట చూపించిన చోట బరువు ఎవరూ చూడలేదు. జబ్బు మనిషి చిక్కకేం చేస్తుంది అన్నారు చుట్టాలు.

విశాఖలో నర్సమ్మ పేరు రాసుకుంటూనే రెండు మాటలు అడిగింది. ఈమధ్య అనుకోకుండా బరువు తగ్గారా? ఆకలి లేక తిండి తగ్గిందా? రెండింటికీ అవుననేసరికి ఫైలు మీద గుర్తు పెట్టి పంపేసింది. చూస్తే డైటీషియన్ ఒక్కరే, వరండా నిండా జనం. వచ్చిన వరస ప్రకారమైతే మాకు సాయంత్రమయ్యేది. నోరు, గొంతు, అన్నవాహిక, పొట్ట క్యాన్సర్లుండి బరువు పడిపోతున్నవాళ్లని ఆవిడ ముందు చూస్తారు. బరువు నిలకడగా ఉన్నవాళ్లు కాసేపు ఆగొచ్చు. బరువు పడిపోతున్నవాళ్లకి మాత్రం ముందే తిండి సరిచెయ్యాలి, రేడియేషన్‌కి నోరంతా పుళ్లు పడ్డాక తినిపించడం చాలా కష్టం. పార్వతీపురం నుంచి భార్యని తీసుకొచ్చిన ఒకాయన మొదట విసుక్కున్నా, అమ్మని చూసి "వెళ్లండమ్మా, మేం కూర్చుంటాం" అన్నారు. ఆయనకీ నా నమస్కారాలు.

మేడమ్ ఖరీదైన ప్రొటీన్ పొడి డబ్బాలేవీ రాయలేదు. కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాము దాకా ప్రొటీన్ కావాలి, అంటే అమ్మకి 43 నుంచి 65 గ్రాములన్నమాట. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే. అలా లెక్క కట్టి, చోడి (రాగి) అంబలిలో పాలు, మెత్తగా ఉడికిన అన్నంలో గుడ్డు, పెసరపప్పు మెదిపి నెయ్యి వేసి కొద్దికొద్దిగా రోజుకి ఆరుసార్లు పెట్టమన్నారు. కారం, పులుపు వద్దు, చల్లార్చి ఇవ్వాలి. ఇంట్లో గుడ్డు వేడి అని పెద్ద గొడవ. ఇంకొకరు బెల్లం, పంచదార మానేస్తే గడ్డ మాడిపోతుందన్నారు. అలా ఏం మాడదు, ముందు మనిషి మాడిపోతుంది అని మేడమ్ మా పెదనాన్నకి ఫోన్‌లోనే చెప్పేశారు. ఆ ఫోన్‌కి వేరే థాంక్స్!

రేడియేషన్ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవలో వెళ్లింది. ఆమదాలవలస స్టేషన్‌లో అమ్మని రైలెక్కించిన మా వీధి కుర్రాళ్లకీ రుణపడి ఉంటాం.

వారం వారం తూకం వేశారు. చివర్లో అమ్మ 42 దగ్గర నిలబడింది. పెరగకపోయినా, పడిపోకుండా ఆగడమే ఆ సమయంలో గొప్ప అన్నారు మేడమ్.

ఆవిడ రాసిచ్చిన కాగితం కావాలన్నవాళ్లకి పంపిస్తాను. కొలతలు మాత్రం అమ్మ బరువుకి వేసినవి. షుగర్, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు అలాగే వాడేయకండి, మీ ఆసుపత్రిలో డైటీషియన్‌కి చూపించి మార్పించుకోండి.